భీమవరం అబ్బాయి, ఆలస్యంగా వచ్చిన నీలం

జనవరి 12 వచ్చిందంటే పత్రికలన్నీ వివేకానందుడితో నిండిపోతాయి. అదే తేదీన, 1895లో, భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుకు ఏ మూలో ఒక పేరా దక్కితే గొప్ప. కుర్రతనంలో రామకృష్ణ మఠంలో చేరిపోదామని ఉబలాటపడిన మనిషి కాబట్టి ఆయన నొచ్చుకోడు. నొచ్చుకోవాల్సింది మనం.

గోదావరి జిల్లాల వైద్య చరిత్ర రాయబోతే రాజరాజ నరేంద్రుడి నుంచి కాటన్ దొర దాకా ఎనిమిది వందల ఏళ్లూ రెండు ముక్కల్లో తేలిపోతాయి: వైద్యులున్నారు, రోగులున్నారు, రాతలే తక్కువ. 1852లో ఆ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట లేచింది. కాలవలు పారాయి, దోమలకూ కొదవ లేకపోయింది.

ఆ నేలన పుట్టిన సుబ్బారావు రాజమండ్రిలో చదివి, మెట్రిక్ మాత్రం మూడో దండయాత్రలో మద్రాసులో గట్టెక్కాడు. సోదరులిద్దరిని స్ప్రూ అనే పేగుల వ్యాధి పొట్టన పెట్టుకుంది. వైద్య కళాశాలలో ఖద్దరు తొడిగినందుకు తెల్లదొర ప్రొఫెసర్‌కు కోపం వచ్చి ఎంబీబీఎస్ బదులు దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారు. మామగారి సాయంతో 1922 అక్టోబరులో బోస్టన్ చేరాడు.

నాకు ముచ్చటైన ఘట్టం ఇక్కడుంది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. మాలిబ్డేట్, దానికి తోడు ఇంకో రసాయనం కలిపితే ద్రవం నీలమవుతుంది; నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత. 1925లో అచ్చయిన ఆ పద్ధతితో కండరాల సారాన్ని పరీక్షిస్తే నీలం వెంటనే తిరగలేదు. నిమిషాలు గడిచేకొద్దీ మెల్లగా ముదిరింది. ఇంకొకరైతే నాళిక సరిగ్గా కడగలేదని మళ్లీ మొదలెట్టేవారు. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. భాస్వరం దేనికో అతుక్కుని ఉండి, ఆమ్లం తగిలాక విడిపోతోందన్నమాట. అదే 1927 నాటి ఫాస్ఫోక్రియాటిన్. 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ. (అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని పట్టుకున్నాడు.) లాక్టిక్ ఆమ్లమే కండరాన్ని నడిపిస్తుందన్న నోబెల్ స్థాయి సిద్ధాంతం బీటలు వారింది.

ఆ ఏటీపీ ఎంత అవసరమో గుండెనే చూడండి: దాని బరువు సుమారు 300 గ్రాములు. రోజుకది సుమారు 6 కిలోల ఏటీపీ ఖర్చుచేసి, ఎప్పటికప్పుడు తిరిగి తయారు చేసుకుంటుంది. నీరసించిన గుండెలో ఫాస్ఫోక్రియాటిన్ తగ్గుతుందని ఇవాళ డాక్టర్లు స్కానింగ్‌లో చూస్తున్నారు.

ఏటీపీ తర్వాత సుబ్బారావు కథ చేతికి చిక్కదు. హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లాడు. ఫోలిక్ ఆమ్లం, ల్యుకేమియా పిల్లలకు డాక్టర్ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్... ఏది సుబ్బారావుది, ఏది బృందానిది అని గీత గీయలేం. గీయమంటే ఆయనే ఒప్పుకునేవాడు కాదేమో. 1948 ఆగస్టులో, 53వ ఏట పోయాడు.

ఆ కాలవల దోమలు తెచ్చే బోదకాలు రాకుండా మన గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన ప్రయోగశాల మందే. బళ్లో ఏటీపీ పాఠం చెప్పే మాస్టార్లు ఈ సంగతి కూడా పిల్లల చెవిన వేయండి.