పాత చేతులు, లేత కాళ్లు

నడిగూడెం కోట ముందు నిలబడితే నాకు రాజుల దర్పం కన్నా ముందు ఒక ఎంపిక గుర్తొస్తుంది. మునగాల రాజా నాయని వెంకటరంగారావు దివానుగా పెట్టుకున్నది కచేరీల్లో తల నెరిసిన ఉద్యోగిని కాదు. నాగపూర్‌లో చదువుకుని, ఎం.ఏ. పట్టాతో వచ్చిన కొమర్రాజు లక్ష్మణరావును. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసే నాటికి లక్ష్మణరావుకు 24 ఏళ్లు. ఆ గ్రంథాలయం పుట్టుకలో రాజావారి అండా ఉంది, ఈ కుర్రవాడి పూనికా ఉంది. 1906లో పుస్తకాలు వెలువరించే విజ్ఞాన చంద్రికా మండలి, ఆ తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. లేత భుజాన్ని నమ్మి ఓపిక పడితే ఏం పండుతుందో చూపిన ఊరు మనది.

ఫుట్‌బాల్ జట్టు కట్టేవాళ్లకు ఈ ఎంపిక ఏటా తప్పదు. ఇంకా రాటుదేలని కుర్రవాణ్ని తీసుకుని తీర్చిదిద్దుకోవాలా? పదేళ్లు ఆడి పండినవాణ్ని పక్క జట్టు నుంచి తెచ్చుకోవాలా? మన దేశంలో ఈ ప్రశ్నకు అందరికన్నా బాగా జవాబు చెప్పినవాడు హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం.

1962 సెప్టెంబర్ 4, జకార్తా. ఆసియా క్రీడల ఫైనల్. ఎదుట దక్షిణ కొరియా. తొలి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టే. అంతకుముందు మ్యాచ్‌లలో గోల్ కాసిన ప్రద్యుత్ బర్మన్‌ను పక్కనపెట్టి, జ్వరం నుంచి అప్పుడే లేచిన పీటర్ తంగరాజ్‌ను కోచ్ రహీం బరిలోకి దింపారు. తంగరాజ్ హైదరాబాదులోనే పుట్టినవాడు, రెండు ఒలింపిక్స్ చూసినవాడు, ఆరడుగులు దాటిన పొడగరి. తల మీదుగా వచ్చే బంతులకు ఆ పొడవు కావాలి, లక్ష మంది అరుపుల మధ్య ఆ నిబ్బరం కావాలి. తలకు ఆరు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1తో స్వర్ణం మనది.

ఈ కథ ఇక్కడే ఆపేస్తే రహీం సాబ్ అనుభవానికే ఓటేశారని అనుకుంటాం. అది సగం నిజం. మిగతా సగం హైదరాబాదు మైదానాల్లో ఉంది.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనం 10-1తో ఓడాం. ఆ దెబ్బ తర్వాత రహీం కొత్త తరాన్ని వెతకడం మొదలుపెట్టారు. అప్పటికే ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఉంది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఎగరేసుకుపోయిన జట్టు అది. చేతిలో అంత గట్టి ఆటగాళ్లున్నా ఆయన పిల్లలను వదల్లేదు. బంతిని కాలి దగ్గరే తిప్పుకోకుండా వెంటనే అందించాల్సిన పోటీలు పెట్టారు. వాటం లేని కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టారు. ఈ పోటీల్లో కప్పు ఎవరు గెలిచారన్నది ముఖ్యం కాదు. ఏ కుర్రవాడు నేర్చుకుంటున్నాడో పట్టుకోవడానికి అవి జల్లెడలు.

ఆ జల్లెడలో నిలిచిన గింజల్లో ఒకడు సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం. ఇంట్లో కటిక పేదరికం. సాధనకు రావడానికి బస్సు డబ్బులు కూడా కష్టమైతే, రహీం సాబ్ సైకిల్ అద్దెకు డబ్బులిచ్చి పిలిపించుకున్నారు. 1956లో బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. భారత్ నాలుగో స్థానంలో నిలిచిన ఒలింపిక్స్ అవి. ఆ తర్వాత హైదరాబాదు జట్టు వరసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచింది. జకార్తా స్వర్ణ జట్టులో బలరాం ఉన్నాడు, హైదరాబాదీ యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. ఆరేళ్ల కిందటి లేత కాళ్లు అప్పటికి అనుభవమయ్యాయి.

ఇదే లెక్క అమెరికాలో క్వార్టర్‌బ్యాక్ దగ్గర ఇంకా పెద్ద ఎత్తున నడుస్తుంది. అక్కడి ఫుట్‌బాల్‌లో ఎత్తుగడ అందుకుని, బంతి విసిరి, దాడిని నడిపించేది అతనే. కోదాడ, సూర్యాపేట నుంచి అక్కడికి వెళ్లిన మన పిల్లలూ ఆ ఆట చూస్తున్నారు. 2017లో, కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, కాన్సస్ సిటీ జట్టు ప్యాట్రిక్ మహోమ్స్ అనే కుర్రవాణ్ని ఎంచుకుంది. వెంటనే బరువంతా నెత్తిన పెట్టలేదు. దాదాపు ఏడాదంతా అలెక్స్ స్మిత్ అనే అనుభవజ్ఞుడి వెనక నిలబెట్టి నేర్పింది. 2020 ఫిబ్రవరిలో ఆ కుర్రవాడే అక్కడి కప్పు ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిపించాడు. లాస్ ఏంజెలిస్ రామ్స్ దారి వేరు. తాను 2016 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపికగా తెచ్చుకున్న జారెడ్ గాఫ్‌నూ, రాబోయే ఏళ్ల తొలి రౌండ్ ఎంపికలు రెండింటినీ ఇచ్చేసి, డెట్రాయిట్‌లో 12 సీజన్లు ఆడిన మాథ్యూ స్టాఫర్డ్‌ను తెచ్చుకుంది. 2022 ఫిబ్రవరిలో కప్పు గెలిచింది. అయితే 2024 జనవరిలో అదే గాఫ్ డెట్రాయిట్ తరఫున ఆడి, స్టాఫర్డ్ ఉన్న రామ్స్‌ను 24-23తో ఓడించాడు. వద్దని పంపేసిన పైరు పక్కవాడి చేలో పండింది.

ఆ 2022లోనే, మార్చి 20న, గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టింది 37 ఏళ్ల ఒగ్బెచె. వెనక కాపు కాసిన ఆకాశ్ మిశ్రాకు 20 ఏళ్లు. ఫైనల్లో కేరళ మీద పెనాల్టీ షూటౌట్‌లో మూడు బంతులు ఆపింది పాత చేతులు, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణివి. రహీం సాబ్ సూత్రం ఆయన ఊరికే తిరిగొచ్చిందని మురిసిపోయాం. మూడేళ్లు తిరిగేసరికి, డబ్బు కష్టాల్లో పడిన ఆ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

నడిగూడెం చుట్టుపక్కల సాగర్ ఎడమ కాల్వ కింద వరి వేసే రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. నారు దెబ్బతిన్న ఏడు పక్క ఊరి నుంచి కొనుక్కొచ్చి నాటేస్తాం. తప్పు కాదు, పంట దక్కాలి కదా. కానీ ఊరంతా నారు పోయడం మానేసి కొనడానికే బయల్దేరితే అమ్మేవాడెవడు? తంగరాజ్ చేతులు ఒకనాటి లేత చేతులే. కొత్తవాడా, పాతవాడా అన్నది మ్యాచ్ రోజు తేల్చుకోవచ్చు. నారుమడి మాత్రం ఏళ్ల ముందే పోసి ఉండాలి.

రహీం జకార్తాలో జట్టును నడిపించే నాటికే ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. 1963 జూన్ 11న కన్నుమూశారు. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమాతో ఈ తరానికి ఆయన పేరు తెలిసింది. పేరు తెలిస్తే చాలదు. సాయంత్రం బడి వదిలాక మన ఊళ్లలో బంతి తన్నుతున్న పిల్లల్లో ఇంకో బలరాం ఉండే ఉంటాడు. వాడికి ముందుగా కావలసింది సైకిల్ అద్దె, వాడి కాలిని గుర్తుపట్టే ఒక పంతులు.