దైవన్యాయం, దైవకరుణ: కలకత్తాలో ఒక వాదం

పాపిని శిక్షింపక క్షమిస్తే భగవంతుని న్యాయానికి లోటు కాదా? శిక్షించి తీరవలసిందే అయితే కరుణకు చోటెక్కడ? క్రైస్తవ చింతనలో ఇది చిరకాలపు ప్రశ్న. 1098 నాటికి అన్సెల్మ్ పూర్తిచేసిన గ్రంథంలోని సమాధానం ప్రసిద్ధం: పాపం వల్ల దేవునికి మానవుడు పడిన ఋణాన్ని తీర్చవలసినవాడు మానవుడే, తీర్చగలవాడు దేవుడొక్కడే, కనుక దేవుడే మానవుడైనాడు. ప్రొటెస్టెంటు సంస్కర్తలు తరువాత ఈ భావానికి న్యాయస్థానపు భాషను తొడిగారు. పాపులకు పడవలసిన శిక్షను క్రీస్తు తానే అనుభవించాడన్నారు. శ్రీరాంపూర్ బాప్టిస్టు మిషనరీలు వంగదేశానికి తెచ్చినది ఈ విశ్వాసమే.

1820లో రామమోహన్ రాయ్ సువార్తల నుండి యేసు నీతిబోధలను ఏరి ఇంగ్లీషులో ప్రకటించారు. అద్భుతాలను, సిద్ధాంత వివాదాలకు తావిచ్చే ఘట్టాలను చాలావరకు విడిచిపెట్టారు. శాంతికీ సుఖానికీ ఆ బోధలే చాలునన్నది ఆయన ఉద్దేశం. శ్రీరాంపూర్ వారి పత్రిక దీనిని తీవ్రంగా విమర్శించింది. అందులో తనను 'అన్యమతస్థుడు' అని పేర్కొనడం ఏకేశ్వరోపాసకుడైన రామమోహనునికి మనస్తాపం కలిగించింది. అదే సంవత్సరం ఆయన క్రైస్తవ ప్రజలకు తొలి విజ్ఞప్తిని, 1821లో రెండవదానిని వెలువరించారు.

జాషువా మార్ష్‌మన్ వాదం తేలికగా తోసిపుచ్చదగినది కాదు. దైవశాసనాన్ని ఉల్లంఘించినా ఫలితం లేకపోతే అది శాసనమే కాదు. పశ్చాత్తాపం గడచిన అపరాధాన్ని రద్దు చేయజాలదు. పాత నిబంధనలోని బలులన్నీ సిలువనే సూచిస్తున్నాయని ఆయన వాదించారు. రామమోహనుని ప్రత్యుత్తరం సూటిగా ఉంది. ఇతరుల నేరాలకు నిరపరాధిని హింసించడాన్ని మానవ న్యాయమే అంగీకరించదు. దానిని దైవన్యాయమని ఎలా చెప్పగలం? తప్పిపోయిన కుమారుడు తిరిగివచ్చినప్పుడు తండ్రి ఏ బలినీ కోరలేదు గదా! గమనింపదగినదేమంటే, ఆయన ఈ వాదాన్ని ఉపనిషత్తుల ఆధారంతో గాక, గ్రీకు, హీబ్రూ మూలాలు చూసి బైబిలు ఆధారంతోనే నడిపారు. అయితే క్రీస్తు మరణాన్ని బలిగా చెప్పే వాక్యాలను ఆయన కేవలం ఉపమాలంకారాలుగా వ్యాఖ్యానించిన చోట మార్ష్‌మన్‌దే పైచేయి అనిపిస్తుంది.

ఈ వాదం పత్రికలకే పరిమితం కాలేదు. సువార్తల వంగానువాదంలో రామమోహనునితో కలిసి పనిచేసిన బాప్టిస్టు మిషనరీ విలియం ఆడమ్, ఒక గ్రీకు విభక్త్యర్థకంపై మొదలైన చర్చతో ఆలోచనలో పడి, 1821లో త్రిత్వ సిద్ధాంతాన్నే విడనాడారు. ఇతడు పతనమైన రెండవ ఆదామని స్వమతస్థులు పరిహసించారు. మార్ష్‌మన్ సమాధానాలు 1822లో లండనులో గ్రంథరూపం పొందాయి. అంతవరకు రామమోహనుని పుస్తకాలను అచ్చువేసిన కలకత్తా బాప్టిస్టు మిషన్ ముద్రణాలయం మూడవ విజ్ఞప్తిని ముద్రించేందుకు నిరాకరించింది. ఆయన స్వయంగా టైపు సమకూర్చుకొని ధర్మతలలో ముద్రణాలయం నెలకొల్పారు. 1823లో ఆ చివరి విజ్ఞప్తి అక్కడే అచ్చయింది.