గడప పసుపు, పేటెంటు పసుపు



పండుగనాడు గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టడం మన ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న ఆచారం. పెళ్ళి పనులు పసుపు దంచడంతో ప్రారంభమవుతాయి. పూజకు ముందు పసుపు ముద్దతో విఘ్నేశ్వరుణ్ణి చేసుకుంటాము. కొత్త బట్ట అంచుకు పసుపు అద్దిన తరువాతనే ధరిస్తాము. బంగారానికి నోచుకోని ఇంట పసుపుతాడుకు కట్టిన పసుపుకొమ్మే మంగళసూత్రమై నిలిచింది.

సంస్కృతంలో పసుపును హరిద్ర అన్నారు. రాత్రికి పర్యాయమైన ‘నిశ’, ‘రజని’ అనే పేర్లు కూడా దీనికి ఉన్నాయి. చరక, సుశ్రుత సంహితలు రెండింటిలోనూ హరిద్ర ఔషధంగా కనిపిస్తుంది. మన స్త్రీలు ఏ గ్రంథమూ చదవకుండానే దీని రసాయన గుణమొకటి ఎరిగి ఉన్నారు. పసుపులో సున్నం కలిపితే ఎరుపెక్కుతుంది. పెళ్ళికూతురి పాదాల పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్ళు, సంప్రదాయ పద్ధతిలో చేసే కుంకుమ, ఈ మూడింటికీ మూలం ఇదే. పసుపులోని కుర్కుమిన్ అనే వర్ణద్రవ్యం క్షారం తగిలితే రంగు మారుతుంది. దానిని ఐరోపా శాస్త్రజ్ఞులు 1815లో వేరుచేయగా, దాని నిర్మాణం 1910లో తేటతెల్లమైంది.

ఇంత పాత వస్తువుపై 1995లో ఒక వింత జరిగింది. గాయాలు మాన్పడానికి పసుపును వాడే పద్ధతిపై అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు లభించింది. దరఖాస్తు చేసిన ఇద్దరు శాస్త్రజ్ఞులూ భారత సంతతివారే. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సి.ఎస్.ఐ.ఆర్.) 1996లో దీనిని సవాలు చేసింది. అప్పటి అధిపతి ఆచార్య మాషేల్కర్. సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథాలతో సహా 32 ఆధారాలను సమర్పించారు. వాటిలో 1953 నాటి భారతీయ వైద్య సంఘ పత్రికలోని వ్యాసమూ ఒకటి. ఈ ప్రయోగం కొత్తది కాదని అంగీకరించి, 1997లో అమెరికా పేటెంటు కార్యాలయం ఆ హక్కులను తిరస్కరించింది. ఈ అనుభవమే మన సంప్రదాయ విజ్ఞానాన్ని కంప్యూటర్లలో భద్రపరిచే బృహత్ ప్రయత్నానికి ప్రేరణ అయింది.

ఈ విజయానికి నేనూ గర్వించాను. అయితే ఒక వైద్యునిగా మీకొక మాట మనవి చేయాలి. ఆ వివాదంలో తేలినది పసుపు వాడకం పాతదని మాత్రమే. అది ఏ గాయాన్ని ఎంతవరకు మాన్పుతుందన్నది అక్కడ విచారణాంశమే కాదు. ప్రాచీనత హక్కుకు సాక్ష్యం కాగలదు. చికిత్సకు సాక్ష్యం రోగి శరీరమే చెప్పాలి.

ఉద్యోగపు తొలినాళ్ళలో పల్లె నుండి ఒక తల్లి వారం రోజుల పసికందును తెచ్చింది. బొడ్డు మీద పసుపు, నూనె దట్టంగా పట్టించి ఉన్నాయి. దానిని తుడిచాకగాని లోపలి చీము కనబడలేదు. బిడ్డ బ్రతికింది గాని, ఆ తల్లి ముఖం నాకింకా గుర్తే. ఆమె చేసినది తన తల్లి నేర్పిన పనే. ఆమెను నేను తప్పు పట్టలేదు, మీరూ పట్టవద్దు. కాని పసికందు బొడ్డుకు ఏమీ రాయకూడదు, పొడిగా ఉంచాలి. లోతైన గాయమైతే సబ్బునీటితో కడిగి, ధనుర్వాత నిరోధక టీకా కోసం ఆసుపత్రికి రావాలి.

ఇక నేటి మాత్రల సంగతి. ఆహారంలోని కుర్కుమిన్ రక్తంలోకి చేరేది బహు స్వల్పం. మిరియాలలోని పైపెరిన్‌తో కలిపి ఇస్తే అది సుమారు 20 రెట్లు పెరుగుతుందని బెంగళూరు పరిశోధకులు 1998లో ప్రకటించారు. అప్పటి నుండి ఇటువంటి మిశ్రమ మాత్రలు విపణిలో విరివిగా దొరుకుతున్నాయి. వీటిని వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు ఇటలీ, అమెరికాలలో నమోదైనాయి. రక్తాన్ని పలుచబరచే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్ళున్నవారు వైద్యుని అడగకుండా వీటి జోలికి పోరాదు.

వంటలో వేసుకునే చిటికెడు పసుపుతో భయం లేదు. అయితే అసహజంగా మెరిసే పసుపును కొనవద్దు. రంగు కోసం సీసపు క్రోమేటు కలిపిన ఉదంతాలు మన ఉపఖండంలో బయటపడ్డాయి. సీసం పసిపిల్లల మెదడుకు విషం.

గడప మీది పసుపును గౌరవించండి. వంటింటి పసుపును పరీక్షించి కొనండి. గాయం మీది పసుపును మాత్రం నీటితో కడిగి, వైద్యుణ్ణి చూడండి.