పగలు ఒకచోట, రాత్రి ఒకచోట: దూరదేశాల సాఫ్ట్‌వేర్ జట్ల కథ

వేర్వేరు దేశాల్లో ఉన్న ఇంజనీర్లు కలిసి ఒకే సాఫ్ట్‌వేర్‌ను నిర్మించడం ఇప్పుడు మామూలు సంగతి. వేగవంతమైన ఇంటర్నెట్ వల్లే ఇది సాధ్యమైందని అనుకోవడం సహజం. కాని, పనిని ఎలా పంచుకోవాలి, నిర్ణయం ఎవరిది, దాన్ని ఎక్కడ రాసిపెట్టాలి అన్న ప్రశ్నలు ఇంటర్నెట్ కంటే పాతవి. తీగలు, ఉపగ్రహాలు వాటికి జవాబు ఇవ్వలేదు.

1968 ఏప్రిల్‌లో మెల్విన్ కాన్వే ‘డేటామేషన్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. ఒక సంస్థ రూపొందించే వ్యవస్థ, ఆ సంస్థలో ఎవరు ఎవరితో మాట్లాడుకుంటారో ఆ అమరికనే పోలి ఉంటుందని అతని ప్రతిపాదన. 1972లో డేవిడ్ పార్నస్ ఒక ఉపాయం చూపించాడు. మున్ముందు మారే అవకాశమున్న ఒక్కొక్క నిర్ణయాన్ని ప్రోగ్రాములోని ఒక్కొక్క భాగంలో దాచి ఉంచితే, మిగతా భాగాలపై పనిచేసేవారు దాని లోపలి సంగతులు తెలుసుకోనక్కరలేదు. 1975లో ఫ్రెడరిక్ బ్రూక్స్ మనుషుల సంఖ్యను లెక్కలోకి తెచ్చాడు. అతని లెక్క ప్రకారం 10 మంది ఉన్న జట్టులో ఇద్దరిద్దరి మధ్య 45 సంబంధాలుంటాయి. 20 మంది అయితే 190. ఆలస్యమైన పనికి కొత్తవారిని చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని అతను హెచ్చరించాడు. ముగ్గురూ చెప్పినదాని సారం ఒక్కటే: మాట్లాడుకోవడానికి ఖర్చుంది.

భారతదేశానికి ఈ ఖర్చు కొత్త రూపంలో వచ్చింది. 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో కేంద్రాన్ని నెలకొల్పి, ఉపగ్రహం ద్వారా విదేశీ కార్యాలయాలతో కలిపింది. అప్పట్లో విదేశీ సంస్థలకు పనిచేసే భారతీయ ప్రోగ్రామర్లలో చాలామంది విమానమెక్కి వెళ్లవలసి వచ్చేది. 1998లో మైక్రోసాఫ్ట్ హైదరాబాదులో అభివృద్ధి కేంద్రం తెరిచింది; అదే ఏడాది నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఒక దేశం నిద్రపోతుంటే మరో దేశం పనిచేస్తుందని, పని ఇరవైనాలుగు గంటలూ ఆగకుండా సాగుతుందని ఆశలు పెరిగాయి.

ఆచరణలో గడియారం ఎదురుతిరిగింది. వేసవిలో హైదరాబాదులో ఉదయం 11 గంటలకు ఒక సందేహం పంపితే సియాటిల్‌లో రాత్రి 10:30. అక్కడ ఉదయం 9 గంటలకు జవాబు రాస్తే ఇక్కడ రాత్రి 9:30. అడిగినవారు మర్నాడే చదువుతారు. ప్రశ్న అస్పష్టంగా ఉంటే మరో రోజు పోతుంది. జేమ్స్ హెర్బ్స్‌లెబ్, ఆడ్రిస్ మాకస్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకేచోట జరిగే పనికంటే అటువంటిదే వేర్వేరు ప్రదేశాల మధ్య జరిగితే సుమారు రెండున్నర రెట్ల సమయం పట్టింది. అలాంటి పనిలో ఎక్కువమంది పాల్గొనవలసి రావడం ఆలస్యానికి ఒక ముఖ్య కారణంగా వారు గుర్తించారు.

ఒకే గది అన్నది ఎన్నడూ లేని జట్టు ఈ చిక్కును మరోలా ఎదుర్కొంది. 1991లో హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌కు మార్పులు ఈ-మెయిల్లో వచ్చేవి. ఏం మార్చారో, ఎందుకు మార్చారో రాసి పంపాలి. ఆయా భాగాల బాధ్యులు చదివి అంగీకరించాలి. ఆసుపత్రిలో షిఫ్టు మారినప్పుడు కేస్ షీట్ చేసే పనిని ఈ రాత చేసింది. 2002 నుంచి వాడుతున్న బిట్‌కీపర్ ఉచిత వాడకం 2005లో ఆగిపోవడంతో, ఆ ఏప్రిల్‌లో టోర్వాల్డ్స్ గిట్‌ను రాయడం మొదలుపెట్టాడు. జూన్‌లో విడుదలైన లినక్స్ 2.6.12 నాటికే అది పనిలోకి దిగింది. గిట్‌లో ప్రతి ఒక్కరి యంత్రంలోనూ ప్రాజెక్టు పూర్తి చరిత్ర ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఏం చేశారో తెలుసుకోవడానికి మరొకరిని నిద్రలేపనక్కరలేదు.

ఈ పరికరం నేడు దాదాపు ప్రతి సంస్థలోనూ ఉంది. దాని వెనుక ఉన్న రాసే అలవాటు మాత్రం అన్నిచోట్లా అలవడలేదు. రాతతో తీరవలసినది రాత్రి సమావేశానికి చేరుతోంది. సియాటిల్‌లో ఉదయం 8 గంటలకు పెట్టిన సమావేశం హైదరాబాదులో వేసవిలో రాత్రి 8:30కి వస్తుంది. నవంబరులో అమెరికా గడియారాలు మారగానే అది 9:30 అవుతుంది. భారతదేశం గడియారం మార్చుకోదు. మారేది ఆ ఇంటి భోజనవేళ, పిల్లలు నిద్రపోయే వేళ. కాన్వే చెప్పిన అమరికను చూడాలంటే ప్రోగ్రామును విప్పి చూడనక్కరలేదు. సమావేశం ఎవరి పగటిలో పడుతోందో గమనిస్తే, నిర్ణయం ఎక్కడ జరుగుతోందో చాలావరకు తెలిసిపోతుంది.