సమ్ = సమ్ + ఐ

సి ల్యాబ్‌లో తొలి పాఠాలు దాటగానే మేం రాయించే ప్రోగ్రాం ఒకటుంది: ఒకటి నుంచి పది దాకా అంకెల మొత్తం. ముందు సమ్‌లో సున్నా, కింద ఫర్ లూప్, దాని లోపల సమ్ = సమ్ + ఐ. జవాబు 55. రికార్డులో ఎక్కించుకుని అందరూ ముందుకు పోతారు. లెక్కల్లో దిట్ట అనిపించుకున్న ఎంపీసీ అమ్మాయే చెయ్యెత్తుతుంది: "సార్, అటూ ఇటూ సమ్ కొట్టేస్తే ఐ సున్నా అవ్వాలి కదా!"

నన్నడిగితే తప్పు ఆ పిల్లది కాదు, కెన్ థాంప్సన్‌ది. మార్టిన్ రిచర్డ్స్ 1967లో రూపొందించిన బీసీపీఎల్ భాషలో విలువ వెయ్యాలంటే ఈక్వల్ గుర్తు ముందు కోలన్ పెట్టాలి. లెక్కల సమానానికీ దీనికీ తేడా కంటికే కనిపించేది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో థాంప్సన్ ఆ భాషను కుదించి, సికి పునాది అయిన 'బి' తయారుచేస్తూ కోలన్ తీసేశాడు. తక్కువ టైపు చెయ్యడమంటే ఆయనకు మహా ఇష్టం. ఆయనకు ఒక అక్షరం కలిసొచ్చింది, మాకు ఈ ప్రశ్న మిగిలింది.

ఫర్ లూప్‌లో సెమికోలన్ల మధ్య ఇమిడిన మూడు ముక్కలూ ఆయన సొంతం కావు. తోటి ఉద్యోగి స్టీవ్ జాన్సన్ దగ్గర కొట్టేశానని తనే చెప్పుకున్నాడు.

ఇక ఐకి ఒకటి కలిపే ఐ++. పీడీపీ-11 యంత్రంలో విలువను దానంతటదే పెంచే సదుపాయం ఉంది కాబట్టే ఈ గుర్తు పుట్టిందని చాలామంది చెబుతారు, వైవాలో కూడా విన్నాను. చక్కని కథే, కాలమే కుదరదు. బి భాష తయారయ్యేనాటికి పీడీపీ-11 లేనే లేదని సి సృష్టికర్త డెనిస్ రిచీ 1993లో రాశాడు. థాంప్సన్ చేతిలో ఉన్నది పీడీపీ-7. దాని మెమరీ అంతా కలిపి 18 బిట్ల వర్డ్‌లు ఎనిమిది వేల చిల్లర. ఎక్స్ = ఎక్స్ + 1 కన్నా ++ఎక్స్‌కు తయారయ్యే కోడ్ చిన్నదని గమనించడమే అసలు కారణం అయ్యుంటుందని రిచీ ఊహ.

సమ్ = సమ్ + ఐని కుదించి రాసే += మొదట్లో తిరగబడి ఉండేది, =+ అని. కూడికలో ఇబ్బంది లేదు, తీసివేతలో వచ్చింది. ఐ=-10 అని రాస్తే ఐలో మైనస్ పది వెయ్యమనా, ఐలోంచి పది తీసెయ్యమనా? 1976లో గుర్తుల్ని అటూ ఇటూ మార్చారు. అలా సమ్ += ఐ నిలిచింది.

మన కాలేజీలకు ఇదంతా టర్బో సి నీలం తెర మీదుగా వచ్చింది. బోర్లాండ్ దాన్ని 1987లో విడుదల చేసింది. అందులో పూర్ణాంకం దాచే ఇంట్‌కు 16 బిట్లే, 32,767 దాటితే పట్టదు. పదితో ఆపేసే పిల్లలకు ఆ సంగతి తెలియదు. అందుకే నేను లూప్‌ను 255 దాకా నడపమంటాను, 32,640 వస్తుంది. ఇప్పుడు 256 పెట్టి కంట్రోల్ ఎఫ్9 నొక్కమంటాను. అదే అంకె, ముందు మైనస్‌తో: -32,640. ల్యాబ్‌లో నిద్రపోయేవాడు కూడా లేస్తాడు.

ఇప్పటి కంపైలర్లలో ఇంట్ 32 బిట్లు. అక్కడ 65,535 దాకా కూడితే 214,74,50,880. లూప్‌ను ఇంకొక్క అడుగు నడిపితే సాధారణంగా మళ్లీ అదే అంకె మైనస్‌తో వస్తుంది, కానీ అలాగే రావాలన్న హామీ మాత్రం సి ప్రమాణంలో లేదు.