మేనిఛాయ: నలుగు మొదలు నేటి లేపనముల వఱకు



కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, మల్దకల్ మొదలగు పల్లెలందు, పెండ్లినాఁడు వధూవరులకు నలుగుపెట్టుట మీరెఱిఁగిన యాచారమే. పెసరపిండినో సెనగపిండినో పసుపుతోను నూనెతోను గలిపి మేన రుద్దుదురు. పిండి మురికిని జిడ్డును దీయును. నూనె చర్మమును మెత్తపఱచును. పసుపు కొన్ని సూక్ష్మక్రిముల నణఁచును. మేను శుభ్రమై నిగనిగలాడును గాని పుట్టుకతో వచ్చిన ఛాయ మాఱదు.

పసుపునకు రంగునిచ్చు పదార్థమును శాస్త్రజ్ఞులు 1815లో వేఱుచేసి, కుర్కుమిన్ అని పేరిడిరి. 1995లో పసుపు గాయములను మాన్పుననుట తమ క్రొత్త సంగతియని కొందఱు అమెరికాలో పేటెంటు పొందఁగా, మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన గ్రంథములను సాక్ష్యముగాఁ జూపి 1997లో దానిని రద్దు చేయించినది. మన ముసలమ్మల యెఱుక యట్లు నిలిచినది.

ఇఁక తెలుపు వ్యాపారము వేఱుకథ. 1919లో బొంబాయిలో ఆఫ్ఘన్ స్నో అను లేపనము వెలసెను. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చి పల్లెటూరి యంగళ్లకుఁ గూడ ప్రాఁకెను. తెల్లందనమే యందమనుటపై విమర్శలు పెరుగఁగా, 2020లో ఆ పేరు గ్లో అండ్ లవ్లీగా మాఱినది.

ఛాయకు మూలము చర్మమునందలి మెలనిన్ అను వర్ణద్రవ్యము. ఎండలో చేను చేసికొనువారికి అది గొడుగువంటిది. పాదరసము గలిపిన లేపనములు ఈ ద్రవ్యము పుట్టకుండ నడ్డుకొనును. కాని యా పాదరసము దేహములోని కింకి మూత్రపిండములను జెఱచును. అందుచేతనే 2013 నాఁటి మినమాటా ఒడంబడిక అట్టివానిని నిషేధించినది.

ఇంకొక యపాయము స్టెరాయిడ్ లేపనము. 1952లో వైద్యులు దానిని చర్మపు వాపులకు వాడి మేలు చూచిరి. అదియే ముఖమునకు నెలల తరబడి పూయఁగా చర్మము పలుచనై, యెఱ్ఱబాఱి, మొటిమలు లేచి, వెండ్రుకలు మొలచును. 2018లో ప్రభుత్వము పదునాలుగు రకముల స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటీ లేనిదే యమ్మరాదని శాసించినది. అయినను చీటీ యడుగని యంగళ్లు లేకపోలేదు.

కావున నింటి యాడుబిడ్డ పెండ్లికి ముందు తెచ్చుకొను గొట్టముపై నేమి వ్రాసియున్నదో పెద్దలు చదివి చూడవలెను. ఇదివఱకే పూయుచున్నవారు హఠాత్తుగా మానక, చర్మవైద్యునికిఁ జూపి యాతఁడు చెప్పినరీతిని దగ్గించుకొనవలెను. ఛాయను హేళనచేసి సంబంధము తప్పించుకొనువారికి బుద్ధి చెప్పు పనియుఁ బెద్దలదే.