ర్యాంకు వెనుక కథ

సాగర్ రోడ్డు మీద మన్నెగూడ దాటి ఇబ్రహీంపట్నం వైపు వెళుతుంటే ఇంజనీరింగు కాలేజీల బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. "మీ వాడికి ఎంసెట్‌లో ర్యాంకెంత?" అని పెళ్లిపందిట్లో కూడా అడుగుతాం కదా! ఆ ర్యాంకు ఎలా వచ్చిందో తెలుసునా?

ఒకప్పుడు సీటు కావాలంటే ఇంటరు మార్కులుండాలి. ప్రైవేటు కాలేజీలో అయితే డొనేషను కట్టాలి. అది కట్టలేని ఇంట్లో ముందు ఆగేది ఆడపిల్ల చదువే. 1983లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసి క్యాపిటేషన్ ఫీజును నిషేధించింది. వైద్య, ఇంజనీరింగు సీట్లకు ప్రవేశపరీక్ష ర్యాంకే ఆధారమంది. ఆ దారిలో వచ్చిందే ఎంసెట్.

మూడు గంటల్లో 160 ప్రశ్నలు. అంటే ఒక్కోదానికి నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు. పోపు చిటపటలాడే లోపల జవాబు పెట్టాలన్నమాట! ఆ వేగం నేర్పడానికి కోచింగులు పుట్టుకొచ్చాయి. చట్టం వద్దన్న డబ్బు దొడ్డిదారిన మళ్లీ వచ్చింది.

2016 జులైలో తెలంగాణలో జరిగిన ఎంసెట్-2 మెడికల్ ప్రశ్నపత్రం ముందే బయటికి పొక్కింది. పరీక్ష రద్దయింది. ఏ పాపమూ ఎరుగని పిల్లలు సెప్టెంబరులో మళ్లీ రాశారు. ఆ తరువాత వైద్య సీట్లు నీట్‌కు వెళ్లాయి.

ఒకప్పుడు ర్యాంకులో ఇంటరు మార్కులకు నూటికి 25 పాళ్లు విలువుండేది. 2023లో తెలంగాణలో శాశ్వతంగా తీసేశారు. నాకైతే అది నచ్చలేదమ్మా. కోచింగుకు పోలేని పిల్లకు రెండేళ్లు క్లాసులో కూర్చుని చదివిన చదువుకు దక్కే లెక్క ఆ పాతికే.